మూట కాపలా

ఆదివారం సాయంత్రం ఆరాధన అయినాక
సలోమి అక్క వంటింట్లో నూటపది పొట్లాలు కట్టినాం.
చింతపండు అన్నం, కింద ఆకు, పైన పాత పేపరు.
అయ్యగారు ఒక్కటే చెప్పినారు:
"మనం వాక్యం చెప్పొద్దు. అన్నాన్ని చెప్పనీండి."
ఆటోలో నా ఒళ్లో ఆ పొట్లాలు
నిద్రపోయిన చంటిబిడ్డ మాదిరి వెచ్చగా.

తిరుపతి రైల్వే స్టేషను ముందర
ఇల్లుండే వాళ్లెవరో లేని వాళ్లెవరో చెప్పడం కష్టం.
అందరూ నేల మీదే.
సగం తలలు గుండ్లే.
పోయిన వారం దుప్పటి కప్పబోతే
ఒకాయన లేచి కూర్చోని నవ్వినాడు:
"మాది గద్వాలమ్మా, తెల్లారితే మా బండి."
తెల్లారితే బండెక్కే వాళ్ల నడుమ
ఏ బండీ ఎక్కని వాళ్లు.
తేడా మడమల్లో ఉంటుంది,
ఇప్పుడిప్పుడే తెలుస్తా ఉంది నాకు.

కుప్పమ్మ పొట్లం తీసుకోలేదు.
"అన్నం పెట్టేవాళ్లు శానామంది ఉండారు పాపా ఈ ఊళ్లో.
పొద్దున్నించీ మూడు తూర్లు తిన్నా.
నా మూట కాసేపు చూసుకుంటావా?
నీళ్లు పోసుకోని పది దినాలైంది.
మూటతో పోతే లోపలికి రానీరు,
వదిలిపెట్టి పోతే ఉండదు."

స్నానానికి డబ్బులు ఆమె కొంగుముడిలోనే ఉన్నాయి.

కూర్చున్నాను.
ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె ఆమె పరుపు.
పైకి అని బాణం గుర్తు దాని మీద,
ఆ బాణం మురుక్కాలవను చూపిస్తా ఉంది.
కింద నుంచి చూస్తే ఊరంతా మోకాళ్లే,
పెట్టెల చక్రాలే, తడి చీర అంచులే.
మా వీధి టైలరు భార్య నా కాలు దాటుకోని పోయింది.
నన్ను చూళ్లేదు.
నేనూ పిలవలేదు. ఎందుకో.

అప్పుడు ఆరేళ్ల పిల్లోడు,
నున్నటి గుండుకి గంధం పూసుకున్నోడు,
వాళ్లమ్మ తోసి పంపితే వచ్చి
నా అరచేతిలో లడ్డు ముక్క పెట్టి
పరిగెత్తినాడు.
నేను కాదు నాయనా అనేలోపల
వాళ్లు రిజర్వేషను బోర్డు కాడికి పోయినారు.
చెయ్యి మూయాలో చాపాలో తెలీక
అట్లే పెట్టుకోని ఉన్నా.
నెయ్యి మెల్లగా మణికట్టు మీదికి దిగింది.

కుప్పమ్మ వచ్చింది, తల తడిగా, సబ్బు వాసనతో.
ముందు మూట ముడులు చూసుకుంది, రెండూ.
తరవాతే నన్ను.
"గంట కూర్చున్నదానికే నీకు లడ్డు దొరికిందే!
నాలుగేండ్లు కూర్చున్నా, నాకు యాలక్కాయ పొట్టు రాలేదు."
పకపకా నవ్వి, తుంచి,
జీడిపప్పు ఉండే సగం తనే తీసుకుంది.

ఇద్దరం తిన్నాం.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో
అక్క నోటుపుస్తకం తీసి లెక్క రాసింది:
పంచినవి నూటతొమ్మిది, మిగిలింది ఒకటి.
నేను చేసిందానికి ఆ పుస్తకంలో గడి లేదు.
రేపు బేరి వీధికి పోవాల.
తాళం పడే ఇనప్పెట్టె,
మూట పట్టేంతది,
ఎంత చెప్తారో కనుక్కోవాల.