నోటినిండా గుండుసూదులు

థేమ్స్ నది దక్షిణపు గట్టున, ఆ నాటకశాల తెర వెనక
గిన్నెలో విషం కలిపేది నేనే.
చెర్రీపళ్ళ రసం, కాస్త తేనె.
గౌన్లకి కుట్లు వేసేదీ నేనే,
చచ్చినవాళ్ళ బట్టల మీది నెత్తురు ఉతికేదీ నేనే.

నాలుగంకాలపాటు పగ, పగ అంటూ తిరుగుతాడు ఆంబ్రోస్.
అన్నని చంపిన బావ ఎదురుగా గుర్రుపెట్టి నిద్రపోతున్నా
కత్తి దూయడు, మాటలు దూస్తాడు.
"ఎందుకు ఆగుతాడంటావ్ వీడు?"
బొత్తాం కుట్టించుకుంటూ నన్నే అడిగాడొకసారి.
అన్న మీద ప్రేమా, అన్న వదిలిపోయిన కోట మీదా?
చేతికి అంటితే ఇక పోదన్న భయమా?
నాకేం తెలుసు. పళ్ళ మధ్య సూదులున్నాయి.
ఆ పూట కోట కోసమన్నట్టు ఆడాడు, మర్నాడు భయమన్నట్టు.
జనం రెండు రోజులూ ఒకేలా ఏడ్చారు.

అయిదో అంకం.
బావ కోసం కలిపిన గిన్నె చెల్లెలి చేతికొస్తుంది.
పెన్నీ ఇచ్చి నేలమీద నిలబడ్డ ప్రతివాడికీ తెలుసు,
ఆమెకొక్కదానికే తెలీదు.
"తాగకే తల్లీ!" అని కేకేస్తుంది ఆల్చిప్పలమ్మే సిస్లీ.
రోజూ చూస్తుంది, రోజూ అరుస్తుంది.
చెల్లెలు తాగుతుంది. దాహం, అంతే.

ఇవాళ మధ్యాహ్నం చెల్లెలి వేషానికి లేసులు బిగిస్తుంటే
"అక్కడ నొప్పి" అన్నాడు పియర్స్.
పదమూడేళ్ళు, గొంతింకా మారలేదు.
చంకలో కోడిగుడ్డంత బిళ్ళ. ఒళ్ళు పెనంలా ఉంది.
"కొత్త గౌను కదా, ఒరుసుకుంది" అని వాడే సర్దిచెప్పుకున్నాడు.
నేను నీళ్ళు నమిలాను.

చెప్తే నాటకశాల మూసేస్తారు, కూలి పోతుంది. నిజమే.
పిల్లాడు బెదిరిపోతాడు. అదీ నిజమే.
అడుగున ఇంకోటుంది, కరగని తేనెలా.
పోయినేడు హంఫ్రీకి ఇలాగే ఒళ్ళు కాలితే
తలుపుకి మేకులు కొట్టించింది ఈ ఆంబ్రోసే.
నాలుగు రోజులు లోపల్నించి తడుతూనే ఉన్నాడు నా మొగుడు.

అదిగో, చచ్చిపోయిన చెల్లెల్ని ఒళ్ళోకి తీసుకున్నాడు ఆంబ్రోస్.
నుదుటిమీద ముద్దు పెట్టాడు. చెంపకి చెంప ఆనించాడు.
జనం గొల్లుమన్నారు.
సిస్లీ ఏడుస్తూ పక్కవాడి భుజమ్మీద వాలింది,
వాడెవడో కూడా తనకి తెలీదు.
ఇంతమందిలో ఈసారి కేకేసేవాళ్ళు లేరు.

చప్పట్లు ఆగేదాకా శవంలా పడుండటం
పియర్స్‌కి బాగా వచ్చు.
చప్పట్లు ఆగాయి.

సూదులు ఒక్కొక్కటే నోట్లోంచి తీసి దిండుకి గుచ్చుతున్నాను.
పదకొండు.
పన్నెండుండాలి.