పేళ్ళు

మూడు పూటలు కూర్చుంటే
మూడు కిలోల టర్నిప్పులన్నాడు.
సరేనన్నాను.
కీల్ రేవులో ఆ చలికాలం
ముఖానికి అంత ధర పలకడమే ఎక్కువ.

వెండెలిన్ గది చేపలకు పొగబెట్టే కొట్టు మీద.
అద్దం పగిలిన గడిలో పాత వార్తాపత్రిక.
బోర్లించిన బకెట్టు మీద కూర్చోమని
"నవ్వొద్దు" అన్నాడు.
నవ్వడానికేముందని నేనూ అడగలేదు.

రంగులుంటాయనుకున్నాను,
మెత్తటి కుంచె ఉంటుందనుకున్నాను,
ఇస్త్రీ బట్టలు అప్పజెప్పేటప్పుడు
షిప్‌యార్డు దొరల గోడల మీద చూసిన
అమ్మగార్ల బొమ్మలకు మల్లే.
ఇతను ఒళ్ళో బేరికర్ర పలక పెట్టుకున్నాడు.
ఏదో పాత అల్మరా తలుపట,
తాళం కన్నం ఇంకా ఉంది.
ముందే దానికి సిరా పులిమేశాడు.
ఆ నలుపులోంచి వెలుతురును
ఉలితో తవ్వి తీయాలట.

యుద్ధం అతని చేతికి వణుకిచ్చి పంపింది.
వణుకు తగ్గేదాకా ఆగుతాడనుకున్నాను.
ఆగలేదు.
నా పెదవి గీతలోకి దాన్నలాగే దిగనిచ్చాడు.

కర్ర్... కర్ర్...
గాదెను ఎలుక కొరికినట్టు.
ఒక్కో పేడు లేచి, చుట్టుకుని, నేలమీద పడుతుంటే
ఏ చోటు పోయిందోనని
చెంప తడుముకున్నాను.

గడ్డం కింద కండ తీసేశాడు,
ఉంటే కదా, పోనీ.
ముక్కు ఒక్క గొడ్డలి వేటు.
నుదురు జోలికి మాత్రం పోలేదు.
హిన్రిక్ సముద్రమ్మీదికి పోతూ ముద్దుపెట్టిన చోటని
నేను చెప్పనేలేదు.
ఎడమ కన్ను ఉండాల్సిన చోట
తాళం కన్నాన్ని పూడ్చకుండా వదిలేశాడు.

మూడో పూట
సిరా రుద్ది, కాగితం పరిచి,
దగ్గుతున్న పిల్లాడి వీపు నిమిరినట్టు
చెంచా వెనకవైపుతో నిమిరి నిమిరి
అంచు పట్టి ఎత్తాడు.

నేను కాదనబోయాను.
ముప్పై నాలుగేళ్ళదాన్ని, ఎవరీ ముసలిది?
అప్పుడు కనిపించింది పుట్టుమచ్చ.
ఎదుటివాళ్ళకు ఎడమచేతి వైపుండేది
కాగితం మీద కుడిచేతి వైపుకొచ్చింది.

అచ్చులో బొమ్మ తిరగబడుతుందన్నాడు,
అద్దంలో లాగే.

టెలిగ్రాం వచ్చిన రాత్రి
వీబ్కే లేస్తుందని నోట్లో ఏప్రాన్ కుక్కుకుని
చేతద్దంలో చూసుకున్న ముఖం అది.
నేనొక్కదాన్నే చూశాను.
తెల్లారి కడిగేసుకుని
దొరల దుప్పట్లు ఉతకడానికి పోయాను.

ఇతనికెక్కడ దొరికింది?

"నేనేమీ పెట్టలేదు," అన్నాడు
ఉలి తుడుచుకుంటూ,
"తీశానంతే."

తర్వాత హాంబుర్గులో ఏదో గోడకు తగిలించారట.
బొచ్చుకోటు ఆవిడొకతె దాని ముందు నిలబడి
చేతిసంచీలో రుమాలు వెతుక్కుందట.
ఆవిడకు నేనేమీ బాకీ లేను.

ఆ సాయంత్రం
టర్నిప్పులతో పాటు కింద పడ్డ పేళ్ళు కూడా అడిగాను.
ఏప్రాన్‌లో మూటగట్టి తెచ్చి
పొయ్యిలో వేశాను.
నా ముఖం కానిదంతా
భలే మండింది:
బుగ్గలు, మర్యాద,
"బాగానే ఉన్నామండీ" అనే ఆ మాట.

వీబ్కే
సూపు రెండోసారి పోయించుకుంది.