బార

నా బల్ల మీద ఎప్పుడూ ఒక చెయ్యి ఉంటుంది,
ఇంకా ఎవరిదీ కాని చెయ్యి.
కేజీహెచ్ డౌన్ దిగుతుంటే
ప్లాస్టర్ పొడితో తెల్లబడ్డ కిటికీ మాదే.
అక్కడ నించుంటే రెండు మేడల సందులోంచి
జానెడు సముద్రం కనిపిస్తుంది.

మైలపల్లి పరదేశి వచ్చిన రోజు
అలవాటుగా టేపు తీశాను.
ఉన్న చేతిని కొలిచి, అద్దంలో తిప్పి,
లేని చేతిని చెయ్యడం మా పద్ధతి.
కుడి ఎంతో ఎడమ అంత,
కాగితం మడిచి కత్తిరించినట్టు.

"ఒప్పదమ్మా," అన్నాడు.
"నా ఎడం సెయ్యి పొట్టిది. ఏలెడు తక్కువ."
పోయిన చేతి పొడవు నీకెలా తెలుసయ్యా అంటే
సంచిలోంచి తాడు తీశాడు.

ఉప్పు తిని నల్లబడ్డ నూలు తాడు.
చివర సీసం గుండు.
బార బారకీ ఒక ముడి.
జాలారిపేట పడవల్లోకి లోతు చెప్పే పెట్టెలు ఎప్పుడో వచ్చాయి,
ఈయన మాత్రం తాడు దించి చూసుకున్నాకే వల వేసేవాడట.

"బార సాపితే మడిసెత్తు. మా అయ్య సెప్పీవోడు.
పది బారల నీల్లంటే ఏటనుకున్నావు?
ఒకడి బుజాల మీద ఒకడు
పది మంది పరదేశిలు నిలబడ్డట్టు.
పైనోడి నెత్తొక్కటే తడవదు."

నేను చదువుకున్నప్పుడు ఒక మాస్టారు ఉండేవారు.
బొడ్డు దగ్గర, మోచేతి దగ్గర, వేలి కణుపు దగ్గర
ఒకటే నిష్పత్తి అని బోర్డు మీద రాసి
సుద్దముక్క కళ్ళకద్దుకునేవారు.
పదకొండేళ్ళయింది.
ఆ సంఖ్య నా బల్ల దగ్గరకి ఒక్కసారీ నడిచి రాలేదు.
దాని దాయాదులు వచ్చారు,
కుంటుకుంటూ.

తాడు నేల మీద పరిచాం.
ముడికీ ముడికీ మధ్య టేపు పెట్టాను.
నూట అరవై నాలుగు. నూట అరవై మూడు.
అరవై అయిదు.
ఒకచోట అరవయ్యే.
"అయ్యాల జొరం," అన్నాడు, అడక్కుండానే.
మళ్ళీ అరవై నాలుగు.

గోడకి నిలబెట్టి ఎత్తు చూశాను:
నూట అరవై నాలుగు.
గుండె నడిమి నుంచి కుడి చేతి కొస దాకా
ఎనభై మూడు.
తీసివేత రెండో తరగతి లెక్క.
అయినా పెన్సిలు ఆగింది.
ఎనభై ఒకటి అని రాస్తే
కాగితం మీద ఒక చెయ్యి పడింది,
వించి లాక్కున్నది, ఫిషింగ్ హార్బర్‌లో
ఎవరూ వెతకనిది.
మనిషి ఎత్తులోనే దాక్కుని ఉంది ఇన్నాళ్ళూ.

ఉన్న చేతికి అచ్చు పోస్తూ
దాని వెనక నరాలు చూశాను.
భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల్ని
వాన ఇలాగే చీలుస్తుంది,
ఒకటి రెండుగా, రెండు నాలుగ్గా,
ఒక్క పాయా రెండోదానికి నకలు కాకుండా.
వానకి టేపు లేదు.
పనసాకు కూడా ఆ లెక్కే చేస్తుంది, అడిగితే చెప్పలేదు.

నెల తర్వాత తొడిగాం.
కొక్కెం తెరవడం, మూయడం నేర్పాను.
పట్టీలు బిగించగానే ఆయన చేసిన మొదటి పని
తాడు అందుకోవడం.
ఒక కొస కొక్కెంలో, ఒక కొస వేళ్ళలో,
రెండు చేతులూ చాపాడు, కిటికీకి అడ్డంగా,
సముద్రం కనిపించకుండా పోయేంత.

ముడి దగ్గర ముడి ఆగింది.
అరవేలు ఇటో అటో.
"జొరం బార," అని నవ్వాడు.

ఆ సాయంత్రం తలుపు వేసుకుని
గోడకి ఆనుకుని నేనూ చేతులు చాపాను.
గీతలు గీసి, కొలిచి చూస్తే
నా ఎత్తు కన్నా నా బార
నాలుగు సెంటీమీటర్లు ఎక్కువ.

ఆ నాలుగూ దేనికో
ఇంకా తెలీదు.