జమ్ముమడి

ఇరవై రెండేండ్లు
వీపు మీద పదహారు లీటర్లు మోసిన.
పత్తికి పురుగొస్తే నాకే పిలుపు,
మిరపకు తామరపురుగొస్తే నాకే పిలుపు.
నెక్కొండ చుట్టుపక్కల
ఏ చెలక ఏ రంగు డబ్బా తాగిందో
నన్నడిగితే చెప్త.

డబ్బాలు కడిగింది మాత్రం ఈ కాల్వలనే.
మూడుసార్లు కడగాలె అని చీటీ మీద ఉంటది,
యాడ కడగాలెనో ఉండది.
నీళ్లు పాల లెక్క తెల్లగ పోతుండె.
చాపపిల్లలు ఎల్లెలకల తేలుతుండె.
నేను మొకం అటు తిప్పుకొని
బీడీ ముట్టిచ్చుకుంటుంటి.

ఓ వానకాలం కప్పలు అరవలే.
ఊరంత మంచిగ పన్నది.
ఓదెలు తాత ఒక్కడే మంచంల లేసి కూసున్నడు:
"సప్పుడు లేకుంటె నిద్రెట్ల వడతదిరా?"

ఇప్పుడు అదే కాల్వ పక్కన కూలికి తవ్వుతున్న.
పొడుగు అరవై అడుగులు, లోతు మోకాలి మీదికి.
అడుగున మందపు కవరు,
కవరు మీద కంకర, కంకర మీద దొడ్డు ఇసుక,
ఇసుకల జమ్ము.

జమ్ము!
పోయినేడు దీన్ని సంపనీకె
గుత్తకు మాట్లాడుకున్నోణ్ని నేనే.
గడ్డిమందు కొట్టి కొట్టి మాడగొట్టిన.
ఇయ్యాల ఏరు తెగకుండ
పురిటిపిల్లను ఎత్తుకొచ్చినట్టు
రెండు చేతులల్ల తెచ్చి నాటుతున్న.
అదేమన్న అడుగుతదేమో అనుకున్న.
అడగలే.
నాలుగో దినానికి సూదంత ఆకు తీసింది.

హన్మకొండ నుంచి తహసీన్ మేడం స్కూటీ మీదొస్తది.
నీళ్లు వచ్చేకాడ ఒక సీస, పోయేకాడ ఒక సీస.
"ఏం చేస్తదమ్మా ఈ గడ్డి?" అంటే
"గడ్డి ఒక్కటే కాదన్నా,
ఏర్లను పట్టుకొని కండ్లకు కానరానోళ్లు శానమంది ఉంటరు.
వాళ్లకు తినే టైమియ్యాలె" అంటది.
ఐదు దినాలు నడుస్తయట నీళ్లు, అరవై అడుగులు.
నేను బీడీ ఆరకముందే నడిచే దూరం.

కొన్ని మందులు సగానికి మీద పోయినయట.
కొన్ని కదలలేదట.
కాయితం చూసి పేర్లు చదివింది.
ఆ పేర్లు నాకు మూతల రంగులు.
కదలనిది ఎవరి తోటదో తెల్సు,
కొట్టిన చెయ్యి ఎవరిదో ఇంకా బాగ తెల్సు.
చెప్పలే.

చలికాలం వరంగల్ పెద్దదవఖానల
నా నెత్తురు తీసిన్రు.
ఏళ్లు వణుకుడు ఎందుకో డాక్టరు రాసిచ్చిండు.
ఆ కాయితం ఇంక బనీను సంచిలనే ఉన్నది.

పొద్దూకినంక మడి అంచుకు కూసుంట.
కాళ్లు నీళ్లల పెట్టబుద్ధి కాదు ఇంకా.
నా లోపలి కాల్వకు
ఎవలు తవ్వుతరు గిసొంటి మడి,
ఎన్ని దినాలు నడవాలె నా నెత్తురు?
జమ్ము ఊగుతది,
అవునంటదో కాదంటదో.

నిన్న రాత్రి ఒక్క కప్ప అరిచింది.
రెండే రెండుసార్లు.
ఓదెలు తాత ఇన్నడో లేదో
తెల్లారినంక అడగాలె.