పదకొండో సీటు

నా పని లెక్కపెట్టడం.
అబ్బాసియాలో తెల్లారకముందే అయిదుంబావుకు బస్సెక్కి
ముప్పై రెండు తలకాయలు ఎక్కించుకుంటా,
మధ్యాన్నం ముప్పై రెండూ దించుతా.
ఎక్కువైనా తప్పే, తక్కువైనా తప్పే.
రాయచోటిలో రెండో తరగతి దాటని ఓబుళమ్మకు
ఇంతకన్నా పెద్ద లెక్క రాదు.

పాప పేరు చెప్పను. చెప్పగూడదంట, చట్టం.
పదకొండో సీటు అనుకోండి.
కిటికీ పక్క. నీళ్ల బాటిల్ మీద పసుప్పచ్చ చేప బొమ్మ.
ఎన్ని తెల్లకార్లు పోతాయో నాతో పందెం కాసేది.
ఇక్కడ అన్నీ తెల్లకార్లే,
ఎప్పుడూ తనే గెల్చేది.

మంగళవారం మంగళవారం లెక్కల సారు స్పెషల్ క్లాసు.
దానికి నాలుగ్గంటల ట్రిప్పు.
మూడు మంగళవారాలు చూస్తి.
ఎక్కేటప్పుడు చెయ్యిస్తే పట్టుకోదు.
కార్లు లెక్కపెట్టదు.
నాలుగో మంగళవారం తన సీటు ఇడిసిపెట్టి
నా పక్కన, ఇంజిన్ వేడి కొట్టే చోట, కూచునింది.
ఏం అడగల్యా నేను.
ఆ అడగనిది ఇప్పటికీ గొంతులో ఉండాది.
నా చున్నీ అంచు వేలికి చుట్టుకోని, విప్పుకోని,
ఫర్వానియా సిగ్నల్ కాడ తనే చెప్పింది.
ఏం చెప్పిందో ఇక్కడ రాయించను.
అది ఫైల్లో ఉండాది.

ప్రిన్సిపాల్ మేడం నన్ను కుర్చీలో కూచోబెట్టె,
మొదటిసారి.
టీ తెప్పించె. బడి పరువు, ఓబుళమ్మా, అనె.
సారు చేత రాజీనామా రాయిస్తామనె,
టికెట్ కొనిచ్చి పంపిస్తామనె.
నాకు తెలుసు ఆ టికెట్.
ఒక బడి దగ్గర దిగి ఇంకో బడి దగ్గర ఎక్కేది.
ఇంకో దేశం, అదే సుద్దముక్క.

డ్రైవరు షంషుద్దీను బస్సు నీడలో కూచోని
కొత్త చట్టం ఫోన్లో చదివి చెప్పినాడు.
చదువు చెప్పేవానికీ చదువుకునే బిడ్డకూ నడుమ
'ఇష్టపడింది' అనే మాట చెల్లదంట.
రాజీనామా రాసినా కేసు రాజీ పడదంట.
ఇంకా ఏందేందో చదివినాడు, సెక్షన్లు, నంబర్లు.
తెలిసీ నోరు మూసుకున్నోళ్లూ ముద్దాయిలే అన్నకాడ
ఆపమని, రెండోసారి చదివించుకుంటి.
భయంతో పోతినా, ధర్మానికి పోతినా?
రెండూ కలిసే నడిచినాయి, ఒకే చెప్పుల్లో.

ప్రాసిక్యూటరంటే ముసలాయన అనుకుంటి.
నా కూతురి ఈడు అమ్మాయి, నల్ల అబాయా,
రాయని పెన్ను రెండుసార్లు విదిలించింది.
నా మాట అరబ్బీలోకి మార్చేదానికి
తణుకు పిల్లోడు ఒకడు.
'పాప మొగం కమిలిపోయింది' అంటి.
వాడేందో అనె.
ఆమె తల ఎత్తి, తన చెంప మీద వేలు పెట్టి అడిగె:
ఎడమ పక్కా, కుడి పక్కా? దెబ్బ ఎంత ఉంటుంది?

ఆపు నాయనా, ఆపు.
దెబ్బ కాదు.
ఈ ఊర్లో మే నెలలో మల్లెతీగ కుండీలో పెట్టు.
నీళ్లు పోసినా మధ్యాన్నానికి ఆకు ఎట్లయితాది?
ఎవురూ తుంచలే, ఎవురూ తొక్కలే.
అదీ కమలడం.
దెబ్బ అని రాస్తే రేపు ఆయప్ప వకీలు
యాడుంది దెబ్బ, డాక్టరు చీటీ యాడ అంటాడు.
నా ఒక్క అబద్ధం కింద
బిడ్డ నిజమంతా పూడ్చేస్తాడు.

పిల్లోడు మూడు మాటలు వెతికినాడు.
నాలుగోది దొరికింది.
ఆమె కొట్టేసి మళ్లీ రాసింది.
కొట్టేసిన కాడ నా చేత సంతకం పెట్టించింది.
ఓ, బు, ళ వరకు బాగనే వచ్చె,
మ్మ కాగితం అంచు దాటి బల్ల మీద పడె.

వాయిదా రెండుసార్లు పడింది.
కంపెనీ నన్ను మంగాఫ్ రూటుకు మార్చింది,
జీతంలో పది దినార్లు కోసింది.
పాప వేరే బడికి పోయిందని షంషుద్దీను చెప్పె.
యా బడో అడగల్యా.
ఈసారి అడగకపోవడమే మంచిది.

ఈ బస్సులో ఇరవై ఎనిమిది మంది.
ఎక్కేటప్పుడు తలకాయలు లెక్కపెడతా.
దిగేటప్పుడు మెట్టు కాడ అడ్డం నిలబడి
ఒక్కొక్కరి మొగం చూసి వదుల్తా.
టైమైపోతాదని కొత్త డ్రైవరు హారన్ కొడతాడు.
కొట్టనీ.