బొటనవేళ్ళ బాకీ

పొద్దున తొమ్మిదింటికి ఇద్దరు కుర్రాళ్ళు మోసుకొచ్చారు.
గుమ్మం ఇరుకు. తలుపు ఊడదీశారు.
నల్లటి లెదరు, మడిచిన మోకాళ్ళు.
ఆరు చాపల గదిలో
ఎవరో పెద్దమనిషి పిలవకుండా వచ్చి కూర్చున్నట్టుంది.

క్యోహెయ్ నా మేనల్లుడు, మాట తక్కువ.
"రోజుకి పదిహేను నిమిషాలు చాలత్తా" అని
రిమోటు నా ఒళ్ళో పెట్టి బస్సుకి పరిగెత్తాడు.

నలభై రెండేళ్ళు ఈ బెప్పులోనే
వేణ్ణీళ్ళ సత్రాల్లో ఒళ్ళు పట్టినదాన్ని.
రాత్రి పదింటికి పిలుపు,
గంధకం వాసన,
సత్రం వాళ్ళిచ్చిన నూలు అంగీల్లో
బోర్లా పడుకున్న మనుషులు.
మొహాలు గుర్తులేవు నాకు. వీపులు గుర్తు.
చేపల వేలం పాడేవాడి మూపు కాయకాసి ఉండేది.
పెళ్ళయి మూడోరోజు వచ్చిన పిల్లకి
రెక్కబొమికె కింద ఏడుపు ఉండకట్టింది.
నొక్కితే నవ్వింది, చక్కిలిగింతలని అబద్ధమాడింది.
బ్యాంకు మేనేజరు నడుము నొప్పన్నాడు,
నొప్పి దవడలో ఉంది.
అక్కడ వేలు పెట్టగానే గుర్రుపెట్టాడు.

ఇప్పుడు నా బొటనవేళ్ళు
అల్లంకొమ్ముల్లా వంకర్లు తిరిగాయి.
సీసా మూత తియ్యాలన్నా
పక్కింటి నిషివాకి గారిని కేకెయ్యాలి.

ఇక ఈ కుర్చీ.
మొదటిరోజు దాని మీద తడిబట్టలు ఆరేశాను.
రెండోరోజు పిల్లి ఎక్కింది, నాకంటే ముందు.
మూడోరోజు వాన. నడుము పట్టేసింది.
సరే, చూద్దాం దీని పనితనం, అనుకున్నాను,
కొత్తకోడలి పులుసు రుచి చూసే అత్తగారిలా.

మీట నొక్కితే మూలిగింది.
గాలిసంచులు పిక్కల్ని పట్టుకున్నాయి,
వదిలాయి, మళ్ళీ పట్టుకున్నాయి.
మొహమాటం లేని పట్టు.
రోలర్లు వెన్ను వెంట పైకి పాకాయి.
తొందరెక్కువ, అన్నాను పైకే.
ఎముక మీద కాదు, పక్కన, పక్కన.
ఊపిరి వదిలేటప్పుడు నొక్కాలి, తీసుకునేటప్పుడు కాదు.
ఇనుముకేం తెలుసు ఊపిరి.

అప్పుడు ఎడమ రెక్క కింద
ఆగింది.
మూడు లెక్కపెట్టేదాకా ఆగి,
లోపలికి దిగి, కొంచెం ఒరిగి,
నిద్రపోయిన బిడ్డ తల కింద నుంచి
చెయ్యి తీసినట్టు
తీసింది.

ఆ తియ్యడం నాది.

ఇరవయ్యేళ్ళ కిందట
ఒసాకా నుంచి తెల్లచొక్కాలవాళ్ళు నలుగురొచ్చారు.
నా వేళ్ళకి తీగలు చుట్టి,
రబ్బరు బొమ్మని చాప మీద పడుకోబెట్టి
"నొక్కండమ్మా, మీ అలవాటు ప్రకారమే" అన్నారు.
మూడు రోజులు నొక్కాను.
ఒక కవరు, ఒక పుచ్చకాయ ఇచ్చి వెళ్ళారు.
పుచ్చకాయ చప్పగా ఉంది. అదీ గుర్తే.

ఏ ఫ్యాక్టరీ, ఏ మోడలు, ఆరా తియ్యను.
నా చెయ్యి కాకపోయినా పోయేదేం లేదు.
కానీ ఊళ్ళో వాళ్ళ వీపులన్నీ అందిన నాకు
ఒక్కటే అందలేదు ఇన్నాళ్ళూ,
అద్దంలో కూడా సగమే కనబడేది.

డాక్టరు ముందే చెప్పాడు,
కీళ్ళవాతం దీంతో పోదు, ఆశ పెట్టుకోకండని.
కండలు వదులవుతాయి, నెత్తురు కాస్త కదులుతుంది,
నిద్ర పడితే పడుతుంది, చాలదా అన్నాడు.
వారమైంది.
సాయంత్రానికి మేజోడు గీత లోతుగా పడే కాళ్ళలో
గీత పలచబడింది.
రాత్రి రెండింటికి లేచి
గడియారానికి సంజాయిషీ చెప్పుకోవడం మానేశాను.
చాలు.

పదిహేను నిమిషాలకి దానంతటదే ఆగుతుంది.
పనయ్యాక వీపు మీద రెండుసార్లు తట్టి
"చలిపట్టకుండా కప్పుకోండి" అనేదాన్ని నేను.
దీనికి ఆ మాట రాదు.
రబ్బరు బొమ్మకి చలేమిటని
ఆ మూడు రోజులూ నేనే అనలేదు.

దుప్పటి చేతికందలేదు.
పిల్లిని లాక్కున్నాను.