మూడు లాంతర్లకి నలుగురు

పాత ఇనుపసామాన్ల పైడయ్య కొట్లో
సైకిలు రిమ్ముల కింద, తుప్పు కాటా పక్కన
ఏడంగుళాల నలుపు.
కొంగుతో తుడిచాను.
ముందు దుమ్ము పోయింది, తరవాత ఎవరిదో నూనెచెయ్యి,
ఆఖరికి పేరు పైకి తేలింది:
ద త్రీ ల్యాంప్స్, విజయనగరం.

"ఏటమ్మా, గీతలడిపోయిన ప్లేట్లకోసం
ఆదోరం ఆదోరం వస్తావు,
ఒక్క బిందయినా కొనవు"
అంటూనే కాటాలో పడేశాడు.
నలభై గ్రాముల పాట.
అల్యూమినియం రేటు కట్టాడు.
నేను కిక్కురుమనలేదు.

కవరు లేదు.
మూడు లాంతర్ల పేరు పెట్టుకుని
లేబిలు మీద నలుగురెందుకున్నారో తెలీదు.
ఒక పక్క "చంపావతి మీద వాన".
రెండో పక్క చెద వదిలేసిన ముక్క: "...ని పిల్ల".
ఏమని పిల్ల?
రాని పిల్లా, నవ్వని పిల్లా, పేరు చెప్పని పిల్లా?
ఆ పక్కంతా ఎవరో మేకుతో గీసేశారు, సూది నిలవదు.
పన్నెండు రోజులు ఆ ఖాళీ నింపుకుంటూ
బ్యాంకులో చలాన్ల మీద ముద్రలేశాను.

మొదటి పక్క సూది దించితే
వాన కాదు, పల్లీలు వేగుతున్న చప్పుడు.
ఆ పైన గిటారు.
సంగీత కాలేజీ గోడకి అవతల
గమకం రాని తీగ,
రాదని బెంగ కూడా లేని తీగ.
మీసం ఇంకా మొలవని గొంతొకటి
"ఓలమ్మీ" అనబోయి, సిగ్గుపడి,
ఇంగ్లీషులోకి తప్పించుకుంటుంది.
రెండు నిమిషాల ఇరవై సెకన్లు.
పదకొండోసారికి గాని వినపడలేదు
చివర్న దూరంగా రైలు కూత.
మన ఊళ్ళో పట్టిందే ఇది,
తలుపు వెయ్యడం మర్చిపోయి.

అడిగాను.
గంటస్తంభం దగ్గర మైకుసెట్ల అప్పలస్వామిని,
కంటోన్మెంటు బ్యాండుమేళం వాళ్ళని,
రైల్వే క్వార్టర్సులో ఎవరూ తియ్యని తలుపుని.
నెల్లిమర్ల జూట్‌మిల్లు గేటు ముందు
టీకొట్టు ముసలమ్మకి గుర్తొచ్చింది:
"ఆ గుంటలా? జుత్తు పెంచీసి
శవప్పెట్టెల్లాంటివి భుజానేసుకుని తిరిగీవోరు.
మూడు రూపాయల బాకీ ఎగ్గొట్టీసినారు."
ఆ మూడు రూపాయలూ నేనిచ్చాను.
అప్పుడు చెప్పింది చిరునామా.

బేసు వాయించిన కర్రోతు సత్యానందం
గరివిడిలో హోమియో మందులిస్తున్నాడు.
దగ్గని అబద్ధమాడి చీటీ రాయించుకున్నాను.
నా వంతు రాగానే సంచీలోంచి ప్లేటు తీశాను.
కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నాడు.
ఏడవలేదు.
"ఆవేళ నా మూడో తీగ దిగిపోయింది" అన్నాడు.
"మళ్ళీ పాడదామంటే టేపుమిషను అద్దె
గంటకి నలభై.
ఏభై ఏళ్ళుగా ఎవరో ఒకరు
కనిపెట్టీస్తారని..."
కనిపెట్టలేదన్నాను, నిజమే.
ఇప్పుడు అదొక్కటే వినిపిస్తోంది.

నలుగురెందుకని అడిగితే
"మేం ముగ్గురం లాంతర్లం,
డ్రమ్ముల జోసెఫు స్తంభం" అని నవ్వి,
"ఖరగ్‌పూరు బదిలీ అయిపోయాడు" అని ఆగాడు.

మూడొందలు అచ్చేయించారట,
అమ్మింది ఇరవయ్యారు.
మిగతావో?
మేడమీదికి తీసుకెళ్ళాడు.
వేడినీళ్ళలో మెత్తబెట్టి
గిన్నె మీద బోర్లించి
వాళ్ళావిడ వంచిన కుండీలు,
అంచులు పరికిణీ కుచ్చుల్లా,
పిట్టగోడ పొడుగునా గడ్డిగులాబీలు.
"చిల్లెలాగూ ఉంది కదమ్మా, నీళ్ళు నిలవ్వు" అందావిడ.
నలభై ఒకటి లెక్కపెట్టాను.
ఒక్కటీ తిరగదు.
కోపం రావలసింది నాకు.
పూలు బావున్నాయి, ఏం చెయ్యను.

రెండో పాట పేరడిగాను.
ఆయన ఆకాశంకేసి చూశాడు,
"ఏదో పిల్లమ్మా, గుర్తు లేదు."
ఆవిడ చెంబు కింద పెట్టింది,
ఆయన్నొకసారి చూసింది,
చెప్పకుండా మెట్లు దిగిపోయింది.

వెళ్ళేటప్పుడు మర్చిపోకుండా
దగ్గుమందు పొట్లం కట్టిచ్చాడు.
రోజుకి మూడుసార్లు,
నాలుగేసి గుళికలు.